కవాయి దీవిలో కోళ్ల మధ్య కాపురం: రాత్రి మూడింటికి కూసే పుంజుతో ఎలా వేగడం?

కపా కోడలు:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గాని రాయడం ఇదే మొదలు. మా వారికి హవాయి దీవుల్లోని కవాయిలో ఫిజియోథెరపిస్టు ఉద్యోగం వచ్చి, నాలుగు నెలల కిందట టెక్సాస్ నుంచి ఇక్కడికి మారాం. కపా అనే ఊళ్లో అద్దె ఇల్లు. ముందు సముద్రం, వెనక కొండ, చినుకు పడ్డప్పుడల్లా ఇంద్రధనుస్సు. ఇలాంటి చోట ఉండి ఫిర్యాదు చేస్తే కళ్లు పోతాయి. అయినా చేస్తున్నాను.

కోళ్లు. ఎవరివీ కాని కోళ్లు. విమానాశ్రయంలో దిగగానే మాకు ఎదురొచ్చింది పది పిల్లలను వెంటేసుకున్న పెట్ట. పెట్రోలు బంకులో కోళ్లు, బడి మెట్ల మీద కోళ్లు, సముద్రపు ఒడ్డున దుప్పటి పరిస్తే మనకంటే ముందు దాని మీద కోళ్లు. వాటికి గూడు లేదు, యజమాని లేడు, భయం అసలే లేదు. పెరట్లో రెండు మడులు చేసి ఒకదాంట్లో గోంగూర, రెండోదాంట్లో తోటకూర వేశాను. మొలకలు రెండేసి ఆకులు తొడిగిన రోజునే ఒక సంసారం మొత్తం వచ్చి కెలికి, పనిలో పనిగా అందులో మట్టిస్నానం చేసి వెళ్లింది.

అదైనా ఓర్చుకుంటాను. పడకగది కిటికీ పక్కన దేవగన్నేరు చెట్టు ఉంది. దాని మీద ఒక పుంజు, ఫొటో కింద పెట్టాను. తొలికోడి తెల్లవారుజామున కూస్తుందని కదా చిన్నప్పటి నుంచి విన్నాం. ఇది సరిగ్గా మూడింటికి అందుకుంటుంది. మొన్న ఇక నిద్ర పట్టక ఆ వేళకే అమ్మకు ఫోను చేశాను. తణుకులో అప్పుడు సాయంత్రం ఆరున్నర. "కోడి కూత వినపడుతోందే! ఊరికి వచ్చావా ఏమిటి, చెప్పనైనా లేదు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇవి ఎవరివి, ఎందుకింత ఉన్నాయి, నేను నిద్రపోయే మార్గం ఏదైనా ఉందా? ఇంకొకటి. మా ఏడేళ్ల బాబు రోజూ సాయంత్రం మిగిలిన అన్నం వీటికీ, వీటితో పాటు వచ్చే నాలుగు ఊరపిల్లులకూ పెడుతున్నాడు. మాన్పించాలా?

కోనసీమ రాజు:

అమ్మా, మీరు పెట్టిన ఫొటో పెద్దది చేసి చూశాను. ఎర్రటి మెడ ఈకలు, నల్లటి రొమ్ము, నల్లటి వంపు తోక. మా వైపు దీన్ని కాకిడేగ అంటాం. కాళ్లు కాస్త సన్నం గాని నిలబడిన తీరు చూస్తే సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల మంచి ధర పలికేది. పందేలు చట్టవిరుద్ధమని తెలుసు, నన్ను తిట్టకండి, అందం గురించి మాత్రమే మాట్లాడుతున్నాను.

నిద్ర సంగతి. పుంజు కూయాలంటే మెడ పైకి సాచాలి. తల ఎత్తడానికి వీల్లేనంత తక్కువ ఎత్తున్న పెట్టెలో రాత్రి పడుకోబెడితే కూత తగ్గుతుంది. పెంపుడు పుంజుకైతే ఇదే మందు. మీది ఎవరిదీ కాని పుంజు గనుక ముందు పట్టుకోవాలి. పగలు వెంటపడితే మీకు ఆయాసం, దానికి వ్యాయామం. చీకటి పడ్డాక వెళ్లండి. కోడికి రాత్రి చూపు ఆనదు, కొమ్మ మీద ముద్దలా కూర్చుని ఉంటుంది. రెండు రెక్కలూ కలిపి పట్టుకుంటే కిక్కురుమనదు.

పట్టుకున్నాక ఏం చేయాలో నేను చెప్తే శాకాహారులు బాధపడతారు.

పక్షిమిత్ర:

ఎందుకింత ఉన్నాయని అడిగారు కాబట్టి కాస్త వెనక్కి వెళ్లాలి. వందల ఏళ్ల కిందట పాలినీషియన్ నావికులు దీవి నుంచి దీవికి పడవల్లో వస్తూ ఎర్ర అడవికోళ్లను వెంట తెచ్చుకున్నారు. హవాయి భాషలో వాటి పేరు మోవా. మన నల్లమలకు ఉత్తరంగా, మధ్య భారతం నుంచి హిమాలయ పాదాల దాకా తిరిగే అడవికోడికి ఇవి దూరపు చుట్టాలు. తరవాత చెరకు తోటల కాలంలో కూలికి వచ్చిన వారు తమ ఇంటి కోళ్లను తెచ్చుకున్నారు. 1982 నవంబరులో ఇవా తుపాను, 1992 సెప్టెంబరు 11న ఇనికి తుపాను కవాయిని ఊడ్చేశాయి. గూళ్లు ఎగిరిపోయి పెరటి కోళ్లు అడవి దారి పట్టి, అక్కడి మోవాతో కలిశాయని ఊరివాళ్లు చెప్పేవారు. 2015లో వచ్చిన జన్యు పరిశోధన కూడా ఇవి అడవికోడి, పెంపుడు కోడి కలిసిన రక్తమేనని చెప్పింది.

అయితే తుపాన్లు మిగతా దీవుల్లోనూ వస్తాయి కదా, కవాయిలోనే ఇన్ని కోళ్లు ఎందుకు? ముంగిస లేదు కాబట్టి. చెరకు తోటల్లో ఎలుకల బాధ పడలేక 1883లో 'పెద్ద దీవి' అని పిలిచే హవాయి దీవి రైతులు జమైకా నుంచి ముంగిసలను తెప్పించారు. ఆ జమైకా ముంగిసలు 1872లో కలకత్తా నుంచి వెళ్లిన తొమ్మిదింటి సంతానం. ఎలుక తిరిగేది రాత్రి, ముంగిస వేటాడేది పగలు. ఈ చిన్న విషయం ఎవరికీ తట్టలేదు. ఎలుకలు హాయిగా ఉన్నాయి, నేల మీద గుడ్లు పెట్టే పక్షుల గుడ్లు మాయమయ్యాయి. కవాయికి వచ్చిన ముంగిసల పెట్టెను రేవులో పనివాడెవడో, తన వేలు కొరికిందన్న కోపంతో, నీళ్లలోకి తోసేశాడని ఒక కథ. కథో నిజమో గాని ఆ దీవిలో ముంగిస ఇప్పటికీ వేళ్లూనలేదు. 2012లో రెండు దొరికితే దీవి అంతా కలవరపడింది.

మీ బాబు కోళ్లకు మెతుకులు వేయడం ఒక ఎత్తు, పిల్లులకు పెట్టడం మరో ఎత్తు. పిల్లుల సంగతి వెంటనే ఆపించండి. వాటి మలంలోని ఒక పరాన్నజీవి వాన నీటితో సముద్రానికి చేరి, హవాయిలో మాత్రమే ఉండే మాంక్ సీళ్లనే సముద్రపు జంతువులను చంపుతోంది. ప్రపంచం మొత్తం మీద అవి మిగిలినవి దాదాపు 1,600. రాత్రిపూట గూటికి చేరే న్యూవెల్ షియర్‌వాటర్ అనే సముద్రపు పక్షులనూ పిల్లులు తింటాయి. ప్రేమ పేరుతో మనం చేసే అపకారాల్లో ఇది మొదటిది.

హిలో సుజాత:

కపా కోడలు గారూ, మీది కోడి. సంతోషించండి. నేను పెద్ద దీవిలో హిలో దగ్గర ఉంటాను. మాకు కప్ప. వేలెడైనా ఉండదు, కొకీ అంటారు. 1980ల చివర్లో పోర్టోరికో నుంచి కుండీ మొక్కల్లో దాక్కుని వచ్చింది. మగ కప్ప "కో-కీ, కో-కీ" అని సాయంత్రం మొదలుపెడితే తెల్లారేదాకా ఆపదు. ఒక్కటే దగ్గర్నుంచి 90 డెసిబెళ్ల దాకా అరుస్తుంది. చుట్టూ వందలు. మొదటి వారం మా అత్తగారు ఎవరింట్లోనో అలారం మోగుతోంది, ఎవరూ ఆపరేమిటని రోజూ అడిగేవారు. పోర్టోరికోలో దాన్ని ముద్దు చేస్తారు, చిత్రాలు గీసుకుంటారు, పాటల్లో పెట్టుకుంటారు. ఇక్కడ నిమ్మఉప్పు నీళ్లు చల్లి చంపుతారు.

నాకు పనికొచ్చినది ఒక్కటే, పడకగదిలో పెద్ద చప్పుడు చేసే పాత ఫ్యాను. చప్పుడును చప్పుడుతోనే కొట్టాలి.

మావి మల్లిక:

సుజాత గారూ, మా మావి దీవికి వస్తే రాత్రులు ప్రశాంతం. పగలు చూడాలి. నేను ఊరి పైభాగంలో, కొండవాలున ఉంటాను. తొలి ఏడాది ఒక సాయంత్రం కిటికీలోంచి చూస్తే, పెరట్లో ముప్పై దాకా చుక్కల దుప్పులు. శ్రీశైలం ఘాట్ రోడ్డులో బస్సు ఆపి మరీ చూసే జంతువు, నా టమాటా మొక్కల్లో నిలబడి నా వైపు చూస్తోంది! నాన్నకు వీడియో పంపాను. ఆయన అటవీశాఖలో చేసి రిటైరయ్యారు. "ఇది మన దుప్పే, అక్కడ దీనికేం పని?" అన్నారు.

పని ఏమీ లేదు. 1860ల చివర్లో అప్పటి రాజు ఐదో కమేహమేహాకు హాంకాంగ్ నుంచి కానుకగా వచ్చాయట, ముందు మొలొకై దీవికి. మావికి తెచ్చింది 1959లో, వేటగాళ్ల సరదా కోసం. మన అడవుల్లో పులి ఉంది, చిరుత ఉంది, రేచుకుక్కలు ఉన్నాయి. ఇక్కడ దాన్ని తినేది ఒక్క మనిషే. ఇప్పుడు వేలకు వేలు. కరువు వస్తే పచ్చిక మిగలదు, పశువుల మేత ముందు ఇవే తినేస్తాయి. వానాకాలంలో బోడి కొండల మట్టి కొట్టుకొచ్చి పగడపు దిబ్బల మీద పేరుకుంటుంది.

కోపం రావడానికి మనసు ఒప్పుకోదు, అదే నా ఇబ్బంది. ఇక్కడ దుప్పిని, మైనాను, ముంగిసను పరాయి జాతి అంటారు. మైనా అంటే మన గోరింకే, 1865లో పురుగులు తినడానికి భారతదేశం నుంచి తెచ్చారు. నేను వచ్చిన కొత్తలో నింపిన పన్ను కాగితాల్లో నా గురించి కూడా "ఏలియన్" అనే రాసి ఉంది. మా పెరట్లో మన దేశపువాళ్లమే సభ పెట్టుకున్నామని మా ఆయన వేళాకోళం.

మడి సంగతి చెప్పడం మరిచాను. గింజలు చల్లిన మట్టి మీద ఇనుప వలను నేలకు ఆనించి పరిచి, అంచులకు రాళ్లు పెట్టండి. మొక్క వల కన్నంలోంచి పైకి వస్తుంది, కోడి కాలికి మట్టి అందదు. దుప్పులకు ఇది పనిచేయదు గాని కోళ్లకు పనిచేస్తుంది.

నిర్మొహమాటం:

ఇంత చర్చ ఎందుకో అర్థం కావడం లేదు. ఊళ్లో పంటలు తినే జంతువులు, నిద్ర చెడగొట్టే జంతువులు ఎక్కువైతే ప్రభుత్వం పట్టి చంపించాలి. అమెరికాలో కూడా మన ఊళ్లలాగే కోతులు, కుక్కలు, కోళ్లు అని బాధపడుతూ కూర్చోవడం ఏమిటి? డబ్బు ఉంది, తుపాకులు ఉన్నాయి.

ద్వీపవైద్యుడు:

నిర్మొహమాటం గారూ, తుపాకులతో అయ్యేదైతే సెయింట్ కిట్స్‌లో ఎప్పుడో అయిపోయేది. కరీబియన్‌లోని ఆ దీవిలో నేను వైద్య విద్య చదివాను. మా తరగతిలో విజయవాడ, గుంటూరు పిల్లలమే ఆరుగురం. అక్కడి వెర్వెట్ కోతులు పదిహేడో శతాబ్దంలో పశ్చిమ ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చాయి. చెరకు తోటలు, బానిసల ఓడలు, వాటితో పాటే ఇవి. రైతు పుచ్చకాయ వేస్తే కోతి ఒక్కొక్కదాన్నీ ఒక కాటు కొరికి వదిలేస్తుంది. ఒకటి పూర్తిగా తింటే మనకు అంత కడుపుమంట ఉండదు. చక్కెర పరిశ్రమ 2005లో మూతపడ్డాక చెరకు పొలాలు పొదలుగా మారాయి, కోతులకు చాటు మరింత పెరిగింది.

మా హాస్టల్లో ఒక నియమం, కిటికీ తెరిచి వంట చేయకూడదు. ఒక మిత్రుడు పులిహోర కలిపి ఆరబెట్టి స్నానానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పళ్లెం ఖాళీ, ఎండుమిరపకాయలు మాత్రం వరసగా కిటికీ గట్టు మీద. ఊళ్లో రైతులకు అవి శత్రువులు, ఓడల్లో వచ్చే యాత్రికులతో ఫొటోలు దింపించి బతికేవాళ్లకు అవే అన్నదాతలు. ఒకే వీధిలో ఇద్దరూ ఉంటారు. ఇక ఎవరు తీర్మానిస్తారు చెప్పండి?

పోర్ట్ లూయిస్ నాయుడు:

నమస్కారము. నేను మారిషస్ తెలుగువాడిని. మా పూర్వులు కోరంగి రేవు నుండి ఓడ ఎక్కి వచ్చినవారు, అందుచేత ఇక్కడ మమ్మల్ని చాలాకాలం కోరంగివాళ్లు అనేవారు. నా తెలుగు బడిలో నేర్చుకున్నది, తప్పులుంటే మన్నించండి.

చంపించాలి అన్నవారికి ఒక సంగతి. మా దీవిలో లిచీ, మామిడి పళ్లు తింటున్నాయని 2015లో ప్రభుత్వం వేల సంఖ్యలో గబ్బిలాలను కాల్పించింది. ఆ గబ్బిలం పరాయి జాతి కాదు, ఈ దీవుల సొంత ప్రాణి. అడవి చెట్ల విత్తనాలు చల్లేది అదే. మరోవైపు జావా ప్రాంతపు కోతి ఉంది, నాలుగు వందల ఏళ్ల కిందట ఓడల వారు తెచ్చినది. అది పక్షి గుడ్లు తింటుంది, చెరకు విరుస్తుంది. అయినా గ్రాండ్ బాసిన్ చెరువు వద్ద గుడికి వెళ్లిన ప్రతివారూ దానికి అరటిపండు ఇస్తారు, హనుమంతుడు కదా. నేనూ ఇస్తాను. మా అమ్మాయి జీవశాస్త్రం చదివింది, నాన్నా ఇవ్వవద్దు అంటుంది. నేను అటు తిరిగి ఇస్తాను.

మా దీవిలో ఒకప్పుడు ఉండి అంతరించిపోయిన డోడో పక్షి గుడ్లను పాడుచేసిన వాటిలో ఆ కోతి పూర్వులూ ఉన్నారు. ఓడలు తెచ్చిన పందులు, ఎలుకలు కూడా.

నిర్మొహమాటం:

సరే నాయుడు గారూ, చంపించమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాని ఒకటి ఒప్పుకోండి, పుచ్చకాయ రైతుకు ఎవరూ అరటిపండు ఇవ్వరు. మాది ప్రకాశం జిల్లా, మా నాన్న అడవిపందుల వల్ల వేరుశనగ వేయడమే మానుకున్నాడు. నా కోపం అక్కడిది.

పక్షిమిత్ర:

ఆ కోపం న్యాయమైనదే. దీనికి వేరే చర్చ పెట్టండి, నేనూ రాస్తాను.

కపా కోడలు గారికి ఒక విషయం చెప్పడం మరిచాను. మీరు నేనే అనే బాతును చూసే ఉంటారు, బూడిద రంగు, మెడ మీద చారలు. హవాయి రాష్ట్ర పక్షి. ఇరవయ్యో శతాబ్దం మధ్యనాటికి దాదాపు ముప్పై మాత్రమే మిగిలాయి. కవాయిలో ఇప్పుడవి బాగా పెరగడానికి కారణం కూడా ముంగిస లేకపోవడమే. పైగా వాటి మొదలు, పంజరాల్లో పెంచుతున్న కొన్ని నేనేలు ఆ ఇవా తుపానులోనే బయటపడడం. మీ కోళ్లను వదిలిన గాలే వీటినీ వదిలింది. ఒకదాన్ని పీడ అంటున్నాం, మరొకదాన్ని సంపద అంటున్నాం. 2019లో నేనేను అంతరించే ప్రమాదపు జాబితాలో ఒక మెట్టు కిందికి దించారు, అంటే ప్రమాదం కొంత తగ్గిందని. రోడ్డు మీద కారు నెమ్మదిగా నడపండి, అవి పక్కకు తప్పుకోవు.

కోనసీమ రాజు:

బాతు పేరే నేనే అయితే ఇక అహంకారం ఎందుకు ఉండదు, తప్పుకోకపోవడంలో వింత లేదు.

కపా కోడలు:

వారం తరవాత వస్తున్నాను. అందరికీ కృతజ్ఞతలు. జరిగినవి వరసగా చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది.

మల్లిక గారి ఇనుప వల అద్భుతం. గోంగూర మూడంగుళాలు లేచింది. పెట్ట వచ్చి వల మీద నిలబడి, రెండుసార్లు గీరి, నా వైపు చూసి వెళ్లింది. ఆ చూపులో నింద ఉంది.

పిల్లుల తిండి మాన్పించాను. బాబు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వాడికి బదులుగా ఏదైనా పని ఇవ్వాలి కదా. పోయిపూ తీరంలో మాంక్ సీల్ ఇసుక మీద పడుకుంటే చుట్టూ తాడు కడతారు, యాభై అడుగుల దూరం ఉండాలి. అక్కడ నిలబడి వచ్చేవారికి చెప్పే స్వచ్ఛంద సేవకులతో పరిచయమైంది. ఇప్పుడు మావాడు తాడు దాటబోయే పెద్దవాళ్లను కేకలేయడంలో ఆరితేరాడు. దీపాల వెలుగుకు దారి తప్పి కింద పడే షియర్‌వాటర్ పిల్లలను ఏరి అగ్నిమాపక కేంద్రం దగ్గరి పెట్టెల్లో పెడతారని కూడా విన్నాడు. 1979 నుంచి ఊళ్లో ఇదొక అలవాటట. శరదృతువు ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతున్నాడు.

పుంజు. మా పక్కింట్లో ఇలోకానో తాతగారు ఒకరు ఉన్నారు, ఫిలిప్పీన్స్ నుంచి ఆయన తండ్రి చెరకు తోటలో కూలికి వచ్చారట. నా గోడు చెప్పగానే నవ్వి ఒక వంటకం చెప్పారు. కవాయి కోడిని కుండలో వేసి, పక్కనే ఒక నల్లరాయి వేసి ఉడికించాలి. రాయి మెత్తబడ్డాక కోడిని పారేసి రాయిని తినాలి. ఈ దీవిలో ప్రతివారూ ప్రతి కొత్తవారికీ చెప్పే హాస్యమట. తరవాత గంభీరంగా, ఈ కోళ్లు లేకపోతే జెర్రులు ఇంట్లోకి వస్తాయి, తెలుసా అన్నారు. నాకు తెలియదు. ఇక్కడి జెర్రిని ఆయన చేత్తో కొలిచి చూపించాక ఆ రాత్రి నాకు కోడి కూత కొంచెం తీయగా వినపడింది.

అయినా మా ఇంటి యజమానిని అడిగి, రాజు గారు చెప్పినట్టే రాత్రి ఎనిమిదింటికి నిచ్చెన వేశాం. మా వారు పట్టుకున్నారు, అది కిక్కురుమనలేదు, ఆయనే అరిచారు. తాతగారు దాన్ని తీసుకుని, పచ్చి బొప్పాయి, మునగాకు వేసి తినోలా అనే పులుసు కాచుకున్నారు. ఎన్ని గంటలు ఉడికిందో అడగలేదు. మేము శాకాహారులం గనుక మా వాటాగా ఒక పెద్ద మునగ కొమ్మ విరిచి ఇచ్చారు. టెక్సాస్‌లో మూడేళ్లు ఎండు మునగాకు పొడితో సరిపెట్టుకున్నాను. పప్పులో వేసి వండుకుని కడుపునిండా తిన్నాం, పది గంటలకు పడుకున్నాం.

పక్షిమిత్ర:

తరవాత? జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వారు పుంజుల కూత మీద రెండు పరిశోధనలు చేశారు. 2013లో చెప్పినది, అది వెలుగు చూసి కాదు, ఒంట్లోని గడియారం చూసి కూస్తుందని. 2015లో చెప్పినది, గుంపులో పెద్ద పుంజే ముందు కూస్తుంది, మిగతావి హోదా ప్రకారం వరసగా అందుకుంటాయి, చిన్నవి తమ వంతు దాకా ఆగుతాయని. పెద్దదాన్ని తీసేస్తే...

కపా కోడలు:

రెండోది మొదలుపెడుతుంది. మీ పరిశోధకులు మా దేవగన్నేరు కింద నిలబడి ఉంటే శ్రమ తప్పేది. ఇన్నాళ్లూ అక్కడ ఇంకొకటి ఉందనే మాకు తెలియదు. పాపం దాని వంతు ఇన్నాళ్లకు వచ్చింది, గొంతు ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు, చివర కీచుమంటోంది. మూడు ఇరవైకి కూస్తోంది. ఇరవై నిమిషాలు లాభం.

కోనసీమ రాజు:

రంగు ఏమిటమ్మా?

కపా కోడలు:

చీకట్లో కనపడలేదు రాజు గారూ. రేపు ఫొటో పెడతాను. నిచ్చెన మాత్రం అక్కడే ఉంచాం.